థైరాయిడ్ డాక్టరుకీ అలర్జీ డాక్టరుకీ మధ్య మా అమ్మ: నా అనుభవం

2024 సంక్రాంతికి అమ్మ అరిసెల పాకం పడుతుంటే చేతిలో గరిటె వణకడం మొదటిసారి చూశాను. అడిగితే "చలికే" అంది. చలికి వణికే మనిషి జనవరి రాత్రి దుప్పటి తన్నేసి ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని పడుకోదు కదా. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. అన్నం మామూలు కంటే ఎక్కువే తింటోంది, అయినా మనిషి సగమైపోయింది. తర్వాత తూకం చూస్తే రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అమ్మ కోపం. నాన్న పోయాక అమలాపురం ఇంటికి తాళం వేసి కూకట్‌పల్లిలో మా దగ్గరికి వచ్చేసింది. జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, పాలు పొంగితే నా మీద అరిచేది. అరిచిన ఐదు నిమిషాలకి తనే కూర్చుని ఏడ్చేది. నాన్న మీద బెంగ అనుకున్నాం. తమ్ముడు వైజాగ్ నుంచి ఫోన్ చేసి "అక్కా, నువ్వు విసుక్కుంటున్నావేమో, కొన్నాళ్ళు నా దగ్గరికి పంపించు" అన్నాడు. ఆ మాటకి వాడితో వారం రోజులు మాట్లాడలేదు. అది బెంగా కాదు, నా విసుగూ కాదు, గొంతు దగ్గరున్న చిన్న గ్రంథి చేస్తున్న పని అని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

జనవరి 20, శనివారం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు. షుగర్, థైరాయిడ్ కలిపి 850 రూపాయలు. రాత్రి తొమ్మిదికి ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. షుగర్ బాగానే ఉంది. టీఎస్‌హెచ్ మాత్రం 0.01 కంటే తక్కువ. తక్కువుంది అంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందనుకున్నాను. పక్క ఫ్లాట్ ఆంటీ "థైరాయిడ్ అయితే లావవుతారు కదమ్మా, మీ అమ్మగారు చిక్కిపోయారేంటి" అన్నారు. సంగతి తలకిందులని డాక్టరు దగ్గర తెలిసింది. థైరాయిడ్ మరీ ఎక్కువ పనిచేస్తుంటే, ఇక చాలని మెదడు, థైరాయిడ్‌ని పనిచేయించే ఈ టీఎస్‌హెచ్‌ని పంపడం ఆపేస్తుందట. అందుకే అది సున్నాకి పడిపోయింది.

థైరాయిడ్ డాక్టరు అపాయింట్‌మెంట్ పన్నెండు రోజులకి దొరికింది. ఫిబ్రవరి 1, ఫీజు 900. ఆయన అమ్మ చేతులు చాపించి వేళ్ళ మీద ఒక కాగితం పెట్టారు. కాగితం అంచులు రెపరెపలాడటం నాకు కుర్చీలోంచి కనిపించింది. నాడి నిమిషానికి 118. స్కాన్‌కి, యాంటీబాడీ పరీక్షకి, మిగతా రక్తపరీక్షలకి కలిపి 7,400 అయింది. గ్రేవ్స్ వ్యాధి అన్నారు. మన శరీరమే పొరపాటున థైరాయిడ్‌ని రెచ్చగొట్టే యాంటీబాడీలు తయారుచేసుకుంటుందని చెప్పారు. థైరాయిడ్ తగ్గడానికి కార్బిమజోల్, గుండెదడకి ప్రొప్రనలాల్ రాశారు. "ఉబ్బసం ఉందా?" అని అడిగారు, లేదన్నాం. చీటీ మీద ఎర్ర సిరాతో ఒకటి రాసి రెండుసార్లు చదివించారు: జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే ఆ క్షణమే కార్బిమజోల్ ఆపేసి, ఆ రోజే తెల్లరక్తకణాల లెక్క చూపించాలి. అరుదుగా ఆ మందుకి అవి ఒక్కసారిగా పడిపోతాయట.

ఆ ఎర్ర సిరాకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. పది రోజులకే అమ్మకి రాత్రి పదకొండుకి ఒళ్ళు వెచ్చబడి గొంతు పట్టేసింది. మా ఆయన, నేను తెరిచి ఉన్న ల్యాబ్ కోసం బండి మీద తిరిగాం. మామూలు జలుబేనని తేలింది, కణాల లెక్క సరిగానే ఉంది. 300 రూపాయల పరీక్ష అది. అయినా రిపోర్టు వచ్చేదాకా ఆ ల్యాబ్ మెట్ల మీద కూర్చున్న గంటంబావు నాకు ఇప్పటికీ గుర్తే.

థైరాయిడ్ డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్ళిన రోజే ఇంకో చిన్న సంగతి జరిగింది. అది ఐదు నెలల తర్వాత మా మెడకి చుట్టుకుంది. డాక్టరు గది బయట వివరాలు రాసుకునే అమ్మాయి "అలర్జీలేమైనా ఉన్నాయా ఆంటీ?" అని అడిగితే, అమ్మ "రొయ్యలు పడవమ్మా, పెదాలు ఉబ్బిపోతాయి" అంది. ఆ అమ్మాయి కంప్యూటర్లో ఏదో కొట్టుకుంది. ఏం కొట్టిందో మేం చూడలేదు.

ఫిబ్రవరి 19న అమ్మ చేతుల మీద, తొడల మీద దద్దుర్లు. కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో కొందరికి ఇలా వస్తుందని, దురద మాత్ర వేస్తూ మందు కొనసాగించమని డాక్టరు ఫోన్లో చెప్పారు. పది రోజులకి తగ్గాయి, మళ్ళీ అప్పుడప్పుడూ వచ్చేవి. మార్చి మొదటి వారానికి నాడి 86కి దిగింది. ఒక రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతూ "నిన్ను చాలా మాటలన్నాను కదే బుజ్జీ" అంది. నేనేమీ మాట్లాడలేకపోయాను. తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను.

మార్చి 16, శనివారం సాయంత్రం. నీళ్ళ క్యాన్ ఎత్తబోయి అమ్మ నడుం పట్టేసింది. సందు చివర క్లినిక్‌కి నడిపించుకుని వెళ్ళాను. ఇంజెక్షన్ చేస్తే రాత్రికల్లా తగ్గిపోతుందన్నారు. సరే అన్నాను. ఆ 'సరే' నా నోటి నుంచే వచ్చింది. నడుంనొప్పికి ఎవరైనా చేసేదే, డైక్లోఫెనాక్. డబ్బులిచ్చి మందుల చీటీ తీసుకుంటుండగా అమ్మ అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. "అరచేతులు మండుతున్నాయే" అంది. అరికాళ్ళు కూడా అంది. నేను చూస్తుండగానే కింది పెదవి ఉబ్బింది, మెడ ఎర్రబడింది, వాంతి చేసుకుంది. ఇంజెక్షన్ చేసి పది నిమిషాలు కూడా కాలేదు. "నా ప్రాణం పోతోంది బుజ్జీ" అని నా చేయి పట్టుకుంది. అలాంటి మాట అమ్మ నోట అంతకుముందు ఎన్నడూ వినలేదు.

క్లినిక్‌లో దురదకి ఒక ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఒకటి చేసి "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. అడ్రినలిన్ ఇవ్వలేదు. ఇలాంటి రియాక్షన్‌లో ముందు ఇవ్వాల్సింది అదేనని, మిగతావన్నీ దాని తర్వాతేనని నాకప్పుడు తెలియదు. ఆటో ఎక్కించాను. అమ్మ వాలిపోతుంటే పడిపోకుండా నిటారుగా కూర్చోబెట్టి పట్టుకున్నాను. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర బండ్లు కదల్లేదు. ఆటో అన్న కిందికి దిగి "పేషెంట్ ఉంది, జరగుండ్రి" అని అరుస్తూ దారి చేయించాడు. డబ్బులిస్తుంటే తీసుకోలేదు, "ముందు అమ్మను చూస్కో అక్కా" అన్నాడు. బీపీ పడిపోయిన మనిషిని అలా కూర్చోబెట్టకూడదని, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలని తర్వాత చెప్పారు. గుండెకి రక్తం అందక అలా కూర్చోబెట్టినప్పుడే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎమర్జెన్సీలో బీపీ 70/40. తొడకి అడ్రినలిన్ చేశారు. ఐదు నిమిషాలకి మళ్ళీ చేశారు. రెండు చేతులకీ సెలైన్. బీపీ లేవడం లేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసే, ముప్పై కూడా ఉండవు. నా వైపు తిరిగి "అమ్మగారు రోజూ ఏం మాత్రలు వేసుకుంటారు?" అంది. నోరు ఎండిపోయి మాట రాలేదు, బ్యాగులోంచి మాత్రల డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టేశాను. ప్రొప్రనలాల్ స్ట్రిప్ చూసిన వెంటనే సిస్టర్‌ని కేకేసింది. గ్లూకగాన్ తెమ్మంది. ఆ ఆసుపత్రి మందుల షాపులో ఒకటే ఉంది, ఇంకోటి బయటి నుంచి మా ఆయన తెచ్చారు. అది ఇచ్చాక, ఇంకో అడ్రినలిన్ తర్వాత బీపీ 90 దాటింది. అమ్మ కళ్ళు తెరిచి వాంతి వస్తోందని సైగ చేసింది. ఆ సైగ చూసి ఏడ్చేశాను.

తర్వాత ఆ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ప్రొప్రనలాల్ గుండెదడని ఎలా ఆపుతుంది? ఒంట్లో అడ్రినలిన్ వెళ్ళి తట్టే తలుపులకి గడియ పెట్టేస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళకి అది మేలు. కానీ ప్రాణం మీదికి వచ్చి బయటి నుంచి అడ్రినలిన్ ఇచ్చినప్పుడు కూడా ఆ గడియ అలాగే ఉంటుంది. గ్లూకగాన్ వేరే దారిలో వెళ్ళి గుండెని కొట్టిస్తుంది. థైరాయిడ్ డాక్టరు తప్పు రాయలేదు, దడకి అది సరైన మందే. ఆ మందు వేసుకుంటున్న మనిషికి రొయ్యలకి పెదాలు ఉబ్బుతాయన్న సంగతి ఆయన దాకా వెళ్ళలేదు. ఆ రెండు సంగతులూ తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. కానీ అవి ఒకదానికొకటి సంబంధించినవని నాకు తెలియదు.

రాత్రంతా ఐసీయూలో ఉంచారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి రియాక్షన్ మళ్ళీ రావచ్చట. చేరిన గంటన్నరకి ట్రిప్టేజ్ అనే పరీక్షకి రక్తం తీశారు. అది ఆ కొద్ది గంటల్లోనే తీయాలి, ఆలస్యమైతే పనికిరాదు. బయటి ల్యాబ్‌కి పంపితే ఆరు రోజులకి వచ్చింది. మామూలుగా 11 దాటనిది 24 ఉంది. నిజమైన అలర్జీ రియాక్షనేనని చెప్పడానికి ఆ ఒక్క కాగితం తర్వాత చాలా చోట్ల పనికొచ్చింది. 18న డిశ్చార్జి. బిల్లు 71,400. ఇన్సూరెన్స్‌వాళ్ళు "ఇది పాత థైరాయిడ్ జబ్బు వల్ల వచ్చిందా?" అని రెండుసార్లు తిప్పి పంపారు. ట్రిప్టేజ్ రిపోర్టు, డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం జతచేశాక ఐదు వారాలకి 52,000 ఇచ్చారు.

థైరాయిడ్ డాక్టరు దగ్గరికి 21న వెళ్ళాం. ఆయన డిశ్చార్జి కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివారు. హార్మోను అదుపులోకి వస్తోంది కాబట్టి ప్రొప్రనలాల్‌ని రెండు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపించారు. భయంతో మేమే టక్కున ఆపేయకపోవడం మంచిదైందన్నారు, ఒక్కసారిగా ఆపితే దడ తిరగబడుతుందట.

అలర్జీ డాక్టరు గారి దగ్గర మొదటిసారి గంట సేపు కూర్చున్నాం. ఆమె పరీక్షల కంటే మాటలకే ఎక్కువ సమయం ఇచ్చారు. అమ్మ ముప్పై ఏళ్ళలో వేసుకున్న నొప్పి మాత్రలన్నీ గుర్తుచేయించారు. అప్పుడు బయటపడింది, నాలుగేళ్ళ క్రితం పంటినొప్పి మాత్రకి కూడా ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని. "చెప్పలేదేం అమ్మా" అంటే "మీ నాన్నకి బాగాలేని రోజులవి, నా గోల ఎందుకని" అంది.

చర్మం మీద పరీక్షలు రియాక్షన్ తర్వాత కనీసం నాలుగు నుంచి ఆరు వారాలకి గానీ చేయరు. దానికి ముందు వారం రోజులు దురద మాత్రలు ఆపేయాలి. ఆ వారం దద్దుర్లతో అమ్మ పడ్డ అవస్థ చూడలేకపోయాను. రాత్రుళ్ళు తడిగుడ్డ పెడుతూ కూర్చునేదాన్ని. ఏప్రిల్ 30న ముంజేతి మీద వరుసగా చుక్కలు పెట్టి సూదితో గీరారు. పదిహేను నిమిషాలకి రొయ్య చుక్క దగ్గర రూపాయి బిళ్ళంత దద్దు లేచింది. డైక్లోఫెనాక్‌కి నమ్మదగిన చర్మ పరీక్ష లేదు, జరిగిందే సాక్ష్యం. ఆ రోజే ట్రిప్టేజ్ మళ్ళీ చూస్తే 5. ఇక నొప్పి వస్తే ఏం వేసుకోవాలన్నది తేల్చడానికి మే 14న ఆసుపత్రిలో పడుకోబెట్టి, ఎటోరికాక్సిబ్ అనే ఇంకో నొప్పి మందు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి సాయంత్రం దాకా చూశారు. ఏమీ కాలేదు. ఆ రోజుకి 7,000.

అలర్జీ డాక్టరు గారు నేర్పినవాటిలో రోజూ పనికొచ్చేది మాత్రల స్ట్రిప్ వెనక చదవడం. పారాసిటమాల్ అనుకుని కొనేవాటిలో కొన్నిట్లో డైక్లోఫెనాక్ కోవకే చెందిన అసిక్లోఫెనాకో ఐబుప్రోఫెనో కలిసి ఉంటుంది. చాలా నొప్పి స్ప్రేల్లో, జెల్‌లలో డైక్లోఫెనాక్ ఉంటుంది. మా ఇంట్లో అలాంటివి నాలుగు దొరికాయి, ఒకటి నా హ్యాండ్‌బ్యాగులోనే.

రెండోది ఇంజెక్షన్. బయటి దేశాల్లో పెన్నులా ఉండే అడ్రినలిన్ దొరుకుతుందట, ఇక్కడ మామూలు మందుల షాపుల్లో మాకు దొరకలేదు. ఆమె ఒక మిల్లీలీటరు ఆంపుల్‌లు (మెడ విరిచి వాడే చిన్న గాజు సీసాలు), సిరంజీలు రాసిచ్చి నాకూ మా ఆయనకీ నేర్పారు. మా వీధిలో నాలుగు షాపులు తిరిగితే "అది ఆసుపత్రుల్లోనే ఉంటది మేడమ్" అన్నారు. చివరికి కోఠిలో దొరికింది. ఒక్కోటి ఇరవై రూపాయల లోపే. ఆ రోజు ఐసీయూ బిల్లు గుర్తొచ్చి, చేతిలో ఆ చిన్న సీసాని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. నెల రోజులు బత్తాయి మీద మంచినీళ్ళతో సాధన చేశాం. ఆంపుల్ మెడ విరవడం అసలు కష్టం. మొదటిసారి వేలు కోసుకుంది. గుడ్డ చుట్టి, చుక్క గుర్తు ఉన్న వైపు నుంచి అవతలికి విరవాలి. నాకొక భయం ఉండేది, అడిగాను: "థైరాయిడ్ వల్ల గుండె దడ ఉన్న మనిషికి అడ్రినలిన్ ఇస్తే ఏమవుతుంది మేడమ్?" ఆమె ఒక్కటే చెప్పారు: "ఆ రియాక్షన్‌లో ఇవ్వకపోవడమే ప్రమాదం. ఇచ్చేయండి."

జూన్ 16, ఆదివారం. ఆ ముందు రోజు పిన్ని అమలాపురం నుంచి వచ్చింది. గోంగూర పచ్చడి ఒక సీసా, గోంగూర రొయ్యల పచ్చడి ఇంకో సీసా తెచ్చింది. "ఇది అక్కకి, ఇది మీకు" అని మూతల మీద కాగితం అంటించి మరీ ఇచ్చింది. భోజనాల దగ్గర గరిటె ఒకటే ఉంది. ఎవరు ఏ సీసాలో పెట్టారో ఇప్పటికీ తెలియదు. అమ్మ నాలుగు ముద్దలు తిని ఆగింది. చెంబు పక్కన పెట్టి అరచేతులు చూసుకుంది. నాకు ఆ చూపు చాలు.

నేల మీదే పడుకోబెట్టాం. మా ఆయన కాళ్ళ కింద దిండ్లు పెట్టి 108కి ఫోన్ చేశారు. ఆంపుల్‌లు, సిరంజీలు పెట్టుకున్న పర్సు జిప్పు తీస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి, కానీ ఆంపుల్ చేతిలోకి రాగానే వణుకు ఆగిపోయింది. ఎలాగో తెలియదు. గుడ్డ, విరుపు, సిరంజిలోకి అర మిల్లీలీటరు, గాలి బయటికి. నైటీ పైకి జరిపి తొడ బయటి వైపు మధ్యలో నిటారుగా దించాను. అమ్మ "అబ్బా" అంది. ఆ 'అబ్బా' వినబడినందుకు ప్రాణం లేచొచ్చింది. గోడ గడియారం వైపు చూశాను, 1:22. నాలుగు నిమిషాలకి పెదవి ఉబ్బడం ఆగింది. ఆరో నిమిషానికి "ఊపిరి బాగానే ఆడుతోంది, నన్ను లేపండి" అంది. లేపలేదు. రెండో సిరంజి నింపి పక్కన పెట్టుకున్నాను, అవసరం పడలేదు. 108 పదిహేడు నిమిషాలకి వచ్చింది. ఆసుపత్రిలో రాత్రంతా ఉంచి పంపించారు, 18,200. ప్రొప్రనలాల్ లేకపోవడం వల్ల ఒక్క ఇంజెక్షన్‌కే లొంగిందని అలర్జీ డాక్టరు గారు అన్నారు. పిన్ని మాత్రం రెండు రోజులు అన్నం తినలేదు. "నా చేతులతో నేనే చంపుకునేదాన్ని" అని ఏడుస్తుంటే అమ్మే ఓదార్చింది.

అప్పటికి కార్బిమజోల్ మీద నాలుగున్నర నెలలు. ఏడాది, ఏడాదిన్నర వాడాల్సిన మందు. దద్దుర్లు వస్తూ పోతూనే ఉన్నాయి. ఏ దద్దు మందు వల్లో, ఏ దద్దు ముంచుకొచ్చే రియాక్షనో ఇంట్లో ఎవరికీ తెలియని పరిస్థితి. ప్రతి దురదకీ నేను పర్సు కోసం పరిగెత్తేదాన్ని. ఇద్దరు డాక్టర్లూ ఫోన్లో మాట్లాడుకున్నారు, మా కోరిక మీద. రేడియో అయోడిన్ (రేడియేషన్ ఉన్న అయోడిన్) ఇచ్చి థైరాయిడ్ ఇక పనిచేయకుండా చేసేద్దామన్నారు. కళ్ళ డాక్టరుకి చూపించాం, గ్రేవ్స్ ఉన్నవాళ్ళకి కళ్ళు ఉబ్బి ఉంటే ఈ వైద్యంతో పెరగొచ్చట. అమ్మకి కళ్ళు బాగానే ఉన్నాయి. జూలై 10కి తేదీ ఇచ్చారు.

ఆ రోజు పొద్దున ఆరింటికే వెళ్ళాం. కౌంటర్ దగ్గర ఫైలు చూసి "ఆమెకి అయోడిన్ అలర్జీ అని ఉంది, ఇవ్వడం కుదరదు" అన్నారు. ఐదు నెలల క్రితం డాక్టరు గది బయట ఆ అమ్మాయి కొట్టుకున్న మాట అది. రొయ్యలు పడవంటే అయోడిన్ పడదని రాసేసింది. ఎంత చెప్పినా వినలేదు, రాసి ఉన్నదాన్ని తీసేసే అధికారం తమకి లేదన్నారు. వాళ్ళ భయం వాళ్ళది. కానీ అమ్మ అప్పటికే ఐదు రోజులుగా కార్బిమజోల్ ఆపి ఉంది, దడ మళ్ళీ మొదలైంది.

అలర్జీ డాక్టరు గారు మర్నాడే ఉత్తరం రాసిచ్చారు. రొయ్యల అలర్జీ వాటి కండలో ఉండే ట్రోపోమయోసిన్ లాంటి ప్రోటీన్ల వల్ల వస్తుంది, దానికీ అయోడిన్‌కీ సంబంధం లేదు. థైరాయిడ్ హార్మోనులోనే అయోడిన్ ఉంటుంది, అది లేకుండా మనిషే లేడు. అమ్మకి అర్థమయ్యేలా ఇంకోలా చెప్పారు: "మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ చూడండి అమ్మా, ఏమని ఉందో. రోజూ తింటున్నారుగా." ఇంటికొచ్చి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్ చదివింది. ఆ తర్వాత ఆమెకి ఆ వైద్యమంటే భయం పోయింది. ఫైల్లో ఆ మాట తీయించి 'రొయ్యలు, డైక్లోఫెనాక్' అని రాయించడానికి మూడుసార్లు తిరిగాను. మీ పెద్దవాళ్ళ ఫైల్లో అలర్జీ అన్న చోట ఏం రాసి ఉందో ఒకసారి మీ కళ్ళతో చూడండి.

కొత్త తేదీ ఆగస్టు 7. మనకి నచ్చిన రోజు ఇవ్వరు, మందు ముంబయి నుంచి వచ్చే రోజుని బట్టి ఇస్తారు. ఇంత చేసి, అసలు వైద్యం రెండు నిమిషాలు. సీసం డబ్బాలోంచి చిన్న సీసా తీసి స్ట్రాతో తాగమన్నారు. "నీళ్ళలాగే ఉంది" అంది అమ్మ. అరగంట కూర్చోబెట్టి పంపేశారు. 13,500.

తర్వాత వారం వేరే గది, వేరే కంచం, వేరే బాత్‌రూము. నీళ్ళు బాగా తాగాలి, బాత్‌రూములో రెండుసార్లు నీళ్ళు వదలాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. మా పాపకి నాలుగేళ్ళు. అమ్మే గుమ్మం దగ్గర ముగ్గుతో గీత గీసి "ఇది దాటితే అమ్మమ్మ కథ చెప్పదు" అంది. పాప గీత ఇవతల, అమ్మ గది అవతలి మూల మంచం మీద, అలాగే ఏడు రాత్రులు కథలు నడిచాయి. నా భయం వేరే. ఈ వారంలో రియాక్షన్ వస్తే? మందిచ్చిన డాక్టరుని అడిగాను. "దూరం సంగతి మర్చిపోయి వెళ్ళి ఇంజెక్షన్ చేయండి, కొన్ని నిమిషాల్లో మీకేమీ కాదు" అన్నారు. ఆ మాట ముందే అడిగి ఉంచుకోవడం వల్ల ఆ వారం నిద్రపోగలిగాను.

దసరా వెళ్ళాక, అక్టోబరు మూడో వారంలో, పొద్దున్నే అమ్మ ముఖం చూసి గుండె ఆగినంత పనైంది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి, పెదాలు మందంగా ఉన్నాయి. పర్సు తీసుకుని పరిగెత్తుకొచ్చాను. దురద లేదు. బీపీ బాగానే ఉంది. ఊపిరి బాగానే ఉంది. దురద మాత్ర వేసినా ఉబ్బు తగ్గలేదు, మర్నాడూ అలాగే ఉంది. గొంతు బొంగురు పోయింది, పగలంతా నిద్ర, అక్టోబరులోనే స్వెట్టరు. ఫోటో తీసి ఇద్దరు డాక్టర్లకీ పంపాను. థైరాయిడ్ డాక్టరు వెంటనే రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 41. ఈసారి థైరాయిడ్ పూర్తిగా పడుకుంది, ఆ ఉబ్బు దానిది. రేడియో అయోడిన్ తర్వాత ఇలా అవుతుందని, అదే కోరుకున్నామని ముందే చెప్పారు. ముఖం ఉబ్బుతుందని మాత్రం నాకు తట్టలేదు. అలర్జీ ఉబ్బు నిమిషాల్లో వస్తుంది, దురదతో వస్తుంది. ఇది రోజుల తరబడి మెల్లగా పేరుకుంటుంది. రెండింటినీ ఒకే ముఖం మీద చూశాక గానీ నాకు తేడా తెలియలేదు.

అక్టోబరు 24 నుంచి, తగ్గిన థైరాయిడ్ హార్మోను బదులు థైరాక్సిన్ మాత్ర, 50 మైక్రోగ్రాములు. పరగడుపున వేసుకుని అరగంట, వీలైతే గంట నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. తెల్లవారి ఐదున్నరకి కాఫీ పడనిదే కళ్ళు తెరవని మనిషికి ఇదే అన్నిటికంటే పెద్ద శిక్ష అయింది. ఇప్పుడు నాలుగున్నరకి అలారం, మాత్ర వేసుకుని మళ్ళీ పడుకుంటుంది. కాల్షియం మాత్ర రాత్రికి మార్చారు, రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలట. మోతాదు మార్చిన ఆరు వారాలకి గానీ పరీక్ష చేయించొద్దన్నారు, ముందే చేయిస్తే అంకె నిజం చెప్పదు. డిసెంబరు 5న టీఎస్‌హెచ్ 9.8. మాత్ర 75కి పెంచారు. 2025 జనవరి 18న 2.9, మామూలుకి వచ్చింది.

కార్బిమజోల్ ఆపాక దద్దుర్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. థైరాయిడ్ మీద యాంటీబాడీలు ఉన్నవాళ్ళలో దద్దుర్లు ఎక్కువగానే కనిపిస్తాయని అలర్జీ డాక్టరు గారు చెప్పారు. వారానికి రెండు మూడుసార్లు దురద మాత్ర వేసుకుంటోంది.

ఏడాదిలో మొత్తం ఒక లక్షా నలభై వేల దాకా అయింది, ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను తొంభై వేలు దాకా మాది. అమ్మ నాన్న పెన్షన్ డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టబోయింది. తీసుకోలేదని రెండు రోజులు ముభావంగా ఉంది. చివరికి కోఠిలో కొనే ఆంపుల్‌లకి మాత్రం తన డబ్బే ఇస్తానంది, సరేనన్నాను.

ఇప్పుడు ఆ పర్సులో రెండు ఆంపుల్‌లు, మూడు సిరంజీలు, ఒక గుడ్డ, ఇద్దరు డాక్టర్ల ఉత్తరాల నకళ్ళు, అమ్మ మాత్రల పేర్లన్నీ రాసిన కాగితం ఉంటాయి. కాగితం పైన పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు రాశాను: రొయ్యలు, డైక్లోఫెనాక్ పడవు. దడకి ప్రొప్రనలాల్ లాంటి మందు రాసేముందు అలర్జీ డాక్టరుని అడగండి. పర్సు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండ తగలకూడదు, కారులో వదలకూడదు. దేవుడి గది అల్మారాలో పెట్టాం, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది అదే. ఆంపుల్‌ల మీద తేదీ ఏప్రిల్ దాకా ఉంది. మార్చి ఆఖరు శనివారం అమ్మా నేనూ మెట్రోలో కోఠి వెళ్ళి కొత్తవి తెచ్చుకోవాలి.